వెండితెర అక్షరాలకు డిజిటల్ రూపం

హైదరాబాద్: తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయమైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలలో నేడు చిత్రాల పేర్లు అధికంగా కంప్యూటర్ తెరపైనే రూపుదిద్దుకుంటున్నాయి. పరిశ్రమ మద్రాసులో ఉన్న కాలంలో ఈ పని కుంచెతో జరిగేది. నాటి అక్షర శైలులను డిజిటల్ ఫాంట్లుగా మలచి భద్రపరచుకోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది.

పెద్ద అక్షరాలను సీసంతో పోతపోస్తే బరువు, వ్యయం పెరుగుతాయి. అందువలన పూర్వం గోడ ప్రకటనలకు కొయ్య అక్షరాలు వాడేవారు. 1827లో న్యూయార్క్‌కు చెందిన డేరియస్ వెల్స్ వీటిని యంత్రంతో చెక్కే పద్ధతిని ప్రవేశపెట్టారు. ఆ పాత అచ్చులను ఆధారం చేసుకొని ఆంగ్లంలో అనేక ఫాంట్లు వెలువడినాయి. తెలుగులో అంతటి నిధి సినీ పోస్టర్లలో ఉన్నది.

పౌరాణిక చిత్రానికి శిల్పంవలె నిండైన అక్షరం, హాస్య చిత్రానికి గెంతులు వేసే అక్షరం! కథా స్వభావాన్ని పేరులోనే చూపడం నాటి చిత్రకారుల ప్రత్యేకత. పోస్టర్ కళలో పేరుగాంచిన ఈశ్వర్‌కు 2015 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారం ప్రకటించబడింది. ఆయన 2021లో కన్నుమూశారు. చిత్రకారుడు, దర్శకుడు బాపు 2014లో పరమపదించినప్పటికీ, ఆయన చేతివ్రాత ఆధారంగా రూపొందిన ఫాంట్ల ద్వారా ఆ వ్రాత నేటికీ శుభలేఖలలో, పుస్తకాల అట్టలపై దర్శనమిస్తున్నది.

అయితే పోస్టరును ఫాంటుగా మార్చడం సులభసాధ్యం కాదు. చిత్రకారుడు పేరులోని నాలుగైదు అక్షరాలనే వ్రాస్తాడు. ఫాంటుకు వర్ణమాల మొత్తం కావాలి. తెలుగులోని 35 హల్లులకు 35 ఒత్తులు చేర్చితేనే 1,225 జంటలు ఏర్పడతాయి. వీటన్నిటికీ వాడుక లేకపోయినా, గుణింతాలు అదనం. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం ఆరు సంకేతాల వరుస. వాటిని ఒకే రూపంగా కూర్చే నియమాలు ఫాంటులోనే పొందుపరచాలి. ఒత్తును ఖాళీ ఉన్నచోట ఒదిగించడం చిత్రకారునికి కంటిచూపుతో అయ్యే పని. ఫాంటు రూపకర్త ప్రతి కలయికకూ దానిని ముందే నిర్ణయించాలి.

ఈ దిశగా సిలికానాంధ్ర సంస్థ ద్వారా వెలువడిన ఎన్టీఆర్, రామభద్ర, ధూర్జటి, గిడుగు, లక్కిరెడ్డి తదితర యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా లభిస్తున్నాయి. వీటికి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ వర్తిస్తుంది. పోస్టర్లకు, ప్రకటనలకు వీటిని రుసుము లేకుండా వాడుకోవచ్చు. షరతులకు లోబడి మార్పులు చేసి పంచవచ్చు. కానీ ఫాంటును మాత్రమే విడిగా విక్రయించరాదు.

పాత పోస్టర్ల విషయంలో మరొక అంశం గమనించదగినది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రలేఖనానికి సాధారణంగా చిత్రకారుని జీవితకాలం, ఆపై 60 సంవత్సరాలు రక్షణ ఉంటుంది. కావున ఆ అక్షరాల ఆధారంగా ఫాంటు చేయదలచినవారు ముందుగా హక్కుదారుల అనుమతి పొందడం, చిత్రకారుని పేరు పేర్కొనడం సముచితం.

గోడపై అంటించిన కాగితం వానకు తడిసి, ఎండకు వెలిసిపోతుంది. నిర్మాతలు, కళాకారుల కుటుంబాలు, సేకర్తలు తమ వద్దనున్న పోస్టర్లను, పాటల పుస్తకాలను స్పష్టంగా స్కాన్ చేయించి, చిత్రం పేరు, సంవత్సరం, అక్షరాలు వ్రాసిన వారి పేరు నమోదు చేసినట్లయితే, రేపటి ఫాంటు రూపకర్తలకు అవే మూలాధారాలు కాగలవు.