పోలికలోని మెలిక

‘కుమ్మరికి కుండ యెట్టిదో, నేతగానికి ఏది యట్టిది?’ పదసామ్య ప్రశ్న యిట్లుండును. తొందరపడిన విద్యార్థి మగ్గము నెన్నుకొనును. మగ్గము పనిముట్టు; కుండ పనిఫలము. కావున ముందుగా మొదటి జంటలోని సంబంధమును ఒక వాక్యమున బిగింపవలెను: ‘కుమ్మరి కుండను చేయును.’ ఆ వాక్యమున నిలిపి చూచిన, నేతగానికి వస్త్రమే తగును. ‘కుమ్మరికి కుండతో పని కలదు’ అని వాక్యమును వదులు చేసినచో మగ్గమును, నూలును కూడ ఇముడును.

అయితే తర్కమొక్కటే చాలదు; పదము తెలియవలెను. అమెరికాలోని ఎస్.ఏ.టి. పరీక్షలో ఒకప్పుడు, పరుగువీరునకు మారథాను వంటిది పడవ నడుపువానికి ‘రెగాటా’ యని సమాధానముగా గల ప్రశ్న యొకటి వచ్చెను. ఆ మాట పడవపందెములకు పేరు. వాని నెన్నడు నెరుగని పేదబిడ్డకు అది బుద్ధిపరీక్షయా, కలిమిపరీక్షయా యని విమర్శకులు ప్రశ్నించిరి. 2005లో ఆ పరీక్షనుండి పదసామ్యములు తొలగింపబడెను.

తన తరగతి పిల్లలందరు ఎరిగిన మాటలతో ఉపాధ్యాయుడు ప్రశ్నను కూర్చిన నాడే, అది వారి ఆలోచనకు పరీక్ష యగును.