కారు తలుపును పట్టేసే మంచు

డిసెంబరు తెల్లవారుజామున జనగామ బస్టాండు దగ్గర కిరాయి కార్లను చూడండి. రాత్రి వాన చుక్క పడలేదు. అయినా పైకప్పు మీద, అద్దాల మీద నీళ్లు చల్లినట్టు బొట్లు నిలిచి ఉంటాయి. డ్రైవరు సీటు కింద నుంచి పాతగుడ్డ తీసి ముందద్దం తుడుస్తాడు. వైపర్లు ఒకసారి ఆడించి హైదరాబాదు దారి పడతాడు. రెండు నిమిషాల పని.

అదే నీరు షికాగోలో ఉన్న జనగామ పిల్లవాడిని ఇంటి ముందే ఆపేస్తుంది. చలికాలంలో అక్కడ పొద్దున ఏడు గంటలైతే ఇక్కడ సాయంత్రం ఆరున్నర. దీపం పెట్టే వేళకు తల్లికి ఫోను వస్తుంది. "అమ్మా, కారు డోరు వస్తలేదు. ఐసు పట్టేసింది. డ్యూటీకి లేటైతుంది." తల్లికి తోచే మాట ఒకటే. "వేడినీళ్లు పొయ్యి బిడ్డా!"

ప్రేమతో చెప్పిన మాటే. కానీ ఆ పని చేయకూడదు. ఎందుకో తెలియాలంటే, వాన లేని రాత్రి జనగామ కారు ఎలా తడిసిందో ముందు తెలుసుకోవాలి.

ఆకాశానికి వేడి ధారపోసే కారు

తెలుగులో మంచు అన్న మాట చాలా బరువు మోస్తుంది. గడ్డిపరక మీది బొట్టూ మంచే, రోడ్డును కమ్మే తెరా మంచే, హిమాలయాల మీద పేరుకున్నదీ మంచే. ఇన్నిటికీ ఒకే మాట వాడటంలో ఒక నిజం ఉంది. ఇవన్నీ గాలిలోని నీటి ఆవిరి మార్చే రూపాలే.

గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఆవిరి ఇముడుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 30 గ్రాముల ఆవిరి పడుతుంది. 10 డిగ్రీలకు దిగితే అది 9 గ్రాముల పైచిలుకు. సున్నా డిగ్రీల దగ్గర 5 గ్రాములు కూడా పట్టదు. గాలి చల్లబడుతున్న కొద్దీ మిగిలిపోయిన ఆవిరి, చేతికందిన చల్లని వస్తువు మీద నీరై కూర్చుంటుంది. జనగామ పక్కనే ఉన్న పెంబర్తి ఇత్తడి పనికి పేరు మోసిన ఊరు. అక్కడి చెంబులో ఫ్రిజ్ నీళ్లు పోసి పెట్టండి, కాసేపటికి చెంబు చెమర్చుతుంది. ఆవిరి ఏ ఉష్ణోగ్రత దగ్గర నీరవడం మొదలవుతుందో దాన్నే డ్యూ పాయింట్ అంటారు.

మరి కారులో ఫ్రిజ్ నీళ్లు లేవు కదా? ఉన్నది పైన ఆకాశం. ప్రతి వస్తువూ కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో వేడిని వదులుతూనే ఉంటుంది. మబ్బు లేని రాత్రి ఆ వేడిలో చాలా భాగం తిరిగి రాదు. కారు పైకప్పు పలచని రేకు. దానిలో దాచుకున్న వేడి తక్కువ, ఆకాశానికి తెరిచిన వైశాల్యం ఎక్కువ. అందుకే అది చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. దీనికి సాక్ష్యం మీ వాకిట్లోనే దొరుకుతుంది. ఆరుబయట పెట్టిన బండి సీటు తెల్లారేసరికి తడిగా ఉంటుంది. రేకుల షెడ్డు కిందో, గుబురు వేపచెట్టు కిందో పెట్టింది చాలావరకు పొడిగా ఉంటుంది. గాలి రెండు చోట్లా ఒకటే. పైన కప్పు ఉంటే అది కొంత వేడిని తిరిగి పంపుతుంది.

అందుకే గాలి 2, 3 డిగ్రీల దగ్గర ఉన్నా కారు రేకు సున్నాకు దిగి, బొట్లకు బదులు తెల్లటి నూగు పట్టవచ్చు. మన తెలుగు నేల మీద ఆ అవకాశం విశాఖ మన్యంలోని లంబసింగి లాంటి చోట్ల ఉంది. సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున్న ఆ ఊళ్లో కొన్ని చలికాలాల్లో ఉష్ణోగ్రత సున్నా దాకా దిగుతుంది. జనగామలో అంత చలి లేదు కనుక మన కథ బొట్లతో ఆగిపోతుంది. షికాగోలో ఆగదు. 2019 జనవరి 30న అక్కడి ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 30 డిగ్రీలు దాటిన చలి నమోదైంది.

తలుపు ఎలా అతుక్కుంటుంది?

కారు తలుపు చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది. వానా, దుమ్మూ లోపలికి రాకుండా తలుపును బిగువుగా ఒత్తి పట్టుకోవడం దాని పని. పైకప్పు మీది మంచు పగటి ఎండకో, లోపలి హీటరు వేడికో కొద్దిగా కరిగి, సందుల్లోంచి ఆ పట్టీ మీదికి జారుతుంది. రాత్రి మళ్లీ గడ్డ కడుతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. రబ్బరు గరుకుతనంలో, పెయింటు అంచుల్లో దూరిన ఆ నీరు వేలకొద్దీ చిన్న మేకుల్లా రెండిటినీ కలిపి బిగిస్తుంది. చలికి రబ్బరు కూడా బిగుసుకుంటుంది. అప్పుడు పిడి పట్టి బలంగా లాగితే పిడి విరుగుతుంది, లేదా పట్టీ చిరిగి వస్తుంది. పట్టీ చిరిగితే మరిన్ని నీళ్లు లోపలికి వస్తాయి, మరునాడు కష్టం ఇంకా పెరుగుతుంది.

అద్దం దిగే గాడి, తాళంచెవి రంధ్రం, వైపరు రబ్బరు, హ్యాండ్‌బ్రేకు తీగ అన్నిటిదీ ఇదే కథ. నీరు నిలవడానికి సన్నని సందు ఉన్న ప్రతిచోటా మంచు పట్టు దొరకబుచ్చుకుంటుంది.

వేడినీళ్లు ఎందుకు వద్దు?

ఒక గ్రాము ఐసును కరిగించడానికి 334 జౌళ్ల వేడి కావాలి. అదే వేడితో ఒక గ్రాము నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అంటే వేడినీళ్లు ఐసు మీద పడగానే తమ వేడినంతా దానికి ధారపోసి చల్లబడతాయి. కరిగిన నీరూ, పోసిన నీరూ కలిసి తలుపు సందుల్లోకి, తాళంలోకి దిగి, మైనస్ 15 డిగ్రీల ఇనుము తగిలి మళ్లీ గడ్డ కడతాయి. నిన్నటి ఐసు కంటే ఇవాళ్టి ఐసు ఎక్కువవుతుంది.

అద్దం సంగతి ఇంకా నాజూకు. గడ్డకట్టిన అద్దం మీద మరిగే నీళ్లు పడితే పైపొర ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, లోపలి పొర కదలదు. ముందద్దంలో రాయి తగిలిన చిన్న మచ్చ ఉన్నా చాలు, ఆ లాగుడుకు చీలిక అటునుంచి ఇటు దాకా పాకుతుంది.

రాత్రే చేయాల్సిన పనులు

మొదటిది, తడి లేకుండా చూడటం. చలి బాగా పెరుగుతుందన్న రోజు సాయంత్రం తలుపులు తెరిచి, రబ్బరు పట్టీలనూ వాటికి ఎదురుగా ఉన్న రేకునూ పొడిగుడ్డతో తుడవాలి. గడ్డకట్టే చలి రాబోతుంటే కారు కడిగించకండి. కడిగిస్తే సందులన్నీ ఆరేదాకా తుడిపించండి.

రెండోది, తుడిచిన పట్టీలకు సిలికాన్ గ్రీజు గానీ సిలికాన్ స్ప్రే గానీ పలచగా పట్టించడం. నీరు దాని మీద నిలవకుండా జారిపోతుంది, రబ్బరు మెత్తగా ఉంటుంది. పెట్రోలియం నూనెలు మాత్రం రాయకండి. తలుపు పట్టీలకు ఎక్కువగా వాడే ఈపీడీఎం రబ్బరు వాటికి ఉబ్బి చెడిపోతుంది. అద్దం దిగే గాడికీ సిలికాన్ స్ప్రే పనికొస్తుంది.

మూడోది, వైపర్ల స్విచ్చి ఆపాకే ఇంజిను ఆపడం. లేకపోతే పొద్దున ఇంజిను ఆన్ చేయగానే అతుక్కుపోయిన వైపర్లు కదలబోయి మోటారు దెబ్బతింటుంది. వైపరు చేతులు పైకెత్తి పెట్టడం, ముందద్దానికి కవరు కప్పడం మంచి అలవాట్లు. కవరు చేసేది వేపచెట్టు చేసే పనే.

నాలుగోది, అద్దం కడిగే డబ్బాలో నీళ్లు ఉంచకపోవడం. జనగామలో మనం పోసేది పంపు నీళ్లే, అక్కడ అవి గొట్టాలతో సహా గడ్డ కడతాయి. అక్కడ చలికాలానికి అమ్మే ద్రవంలో సాధారణంగా మిథనాల్ కలుపుతారు. మిథనాల్ ఒక్కటే అయితే మైనస్ 97 డిగ్రీల దాకా గడ్డకట్టదు. కానీ అది విషం. పిల్లలకు అందకుండా పెట్టాలి.

పొద్దున ఇరుక్కుంటే

లాగకండి, నెట్టండి. తలుపు అంచుల మీద అరచేతులతో, భుజంతో నాలుగు వైపులా లోపలికి ఒత్తితే ఐసు పొర పగులుతుంది. ఆ తర్వాత మెల్లగా తెరవండి. ఒక తలుపు రాకపోతే మిగతావి చూడండి. ఎండ తగిలిన వైపు తలుపు ముందు వదులుతుంది. డీఐసర్ స్ప్రే ఉంటే సందు వెంట కొట్టండి. అందులో ఉండేది ఆల్కహాలే. ఇంట్లో కలుపుకోవాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు చాలు. ఆ సీసాను కారులో పెట్టి మరిచిపోతే లాభం లేదు, అది ఇంట్లో ఉండాలి.

లోపలికి వెళ్లాక అద్దం దించే స్విచ్చి నొక్కకండి. అతుక్కున్న అద్దాన్ని మోటారు లాగితే లోపలి తీగ తెగుతుంది. హీటరు వేడికి గాడి వదిలేదాకా ఆగండి.

ఒక ప్రాణం మీది సంగతి. మూసిన గ్యారేజీలో ఇంజిను నడిపి కారును వేడి చేయకండి. పొగ గొట్టం చుట్టూ మంచు పేరుకుంటే ముందు దాన్ని తీశాకే స్టార్టు చేయండి. కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. మనిషిని నిద్రలోనే చంపుతుంది.

జనగామ డ్రైవరుకూ ఒక మాట

మనిషి ఊపిరి వెంట రోజుకు 300 నుంచి 400 మిల్లీలీటర్ల నీరు బయటికి పోతుంది. చలికి అద్దాలన్నీ ఎక్కించి నలుగురు కూర్చుంటే ఆ ఆవిరి ముందద్దం లోపలి వైపు పట్టేస్తుంది. పొగమంచు రోజున వరంగల్ హైవే మీద ఇది ప్రమాదం. అరచేత్తో తుడిస్తే జిడ్డు చారలు పడి ఎదుటి లైట్లు మరింత చెదిరి కనిపిస్తాయి. చలికాలమైనా ఏసీ వేసి గాలిని అద్దం వైపు తిప్పండి. ఏసీ గాలిలోని తేమను పిండేస్తుంది. లోపలి గాలే తిరిగే మీటను మార్చి బయటి గాలి రానివ్వండి. నిమిషాల్లో అద్దం తేటపడుతుంది.

బొట్టయినా గడ్డయినా మనం తేల్చుకోవాల్సింది నీటితోనే. చలిని ఆపడం మన చేతిలో లేదు, తడిని తుడవడం ఉంది. కనుక ఈ చలికాలం ఫోను వస్తే వేడినీళ్ల మాట వద్దు. ఆ ముందురోజే ఒక మాట చెప్పండి: "పడుకునే ముందు డోరు రబ్బరు పొడిగుడ్డతోటి తుడువు బిడ్డా."