కింది ఫ్లాట్‌కి డెబ్బై ఎనిమిది, మనదానికి అరవై ఐదేనా?

"కింద 302 వాళ్లది డెబ్బై ఎనిమిదికి పోయిందట. మనది అరవై ఐదుకి కూడా ఎవరూ అడగడం లేదు." హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో లిఫ్టు దగ్గర ఇలాంటి మాటలు వినిపిస్తూనే ఉంటాయి. అదే భవనం, అవే 1,200 చదరపు అడుగులు. పదమూడు లక్షల తేడా ఎక్కడ వచ్చింది? 302 వాళ్లకి అదృష్టం కలిసొచ్చిందనో, మధ్యవర్తి గట్టివాడనో సర్దిచెప్పుకుంటాం. చాలాసార్లు జవాబు బీరువాలోని ఫైల్లో ఉంటుంది.

అసలు ఫ్లాట్ అమ్మడమంటే రెండింటిని అమ్మడం: ఒకటి కట్టడం, రెండోది దాని కింద మన వాటా నేల. కట్టడం ఏటా పాతబడుతుంది. పెరిగేది నేల విలువే. దస్తావేజులో అవిభాజ్య వాటా అని రాసి, అందరూ యూడీఎస్ అనేది దీన్నే. వెయ్యి గజాల్లో ఇరవై ఫ్లాట్లు కట్టిన పాత భవనంలో ఒక్కో ఫ్లాట్‌కి సగటున 50 గజాలొస్తాయి. ఎకరంలో, అంటే 4,840 గజాల్లో, రెండొందల ఫ్లాట్లు లేపిన టవర్‌లో పాతిక గజాలు కూడా రావు. నగరం నడిబొడ్డున పాతికేళ్ల ఫ్లాట్‌కి కూడా మంచి ధర పలకడానికి ఇదొక కారణం. రేపు ఆ భవనం కూల్చి మళ్లీ కట్టుకోవాల్సి వస్తే లెక్కకొచ్చేవి ఆ గజాలే. విచిత్రమేమిటంటే, హాల్లో వేయించిన మార్బుల్ ఎక్కడి నుంచి తెప్పించారో చెప్పే యజమానికి తన యూడీఎస్ ఎంతో గుర్తుండదు.

మెట్రో దూరం, స్కూళ్లు, వేసవిలో ట్యాంకర్ల బాధ ధరను ఎలా లాగుతాయో అందరికీ తెలిసిందే. గుమ్మం సంగతీ అంతే. మీకు వాస్తు పట్టింపు లేకపోవచ్చు. కానీ దక్షిణం గుమ్మం అనగానే ఫోన్ పెట్టేసేవాళ్లుంటారు. అడిగేవాళ్లు తగ్గితే ధరా తగ్గుతుంది.

అడిగేవాళ్ల సంఖ్యను అన్నింటికంటే ఎక్కువగా తేల్చేది బ్యాంకు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం గృహ రుణం 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 75 లక్షల లోపైతే 80 శాతం దాకా, అది దాటితే 75 శాతం దాకా ఇవ్వొచ్చు. 78 లక్షల ఫ్లాట్‌కి ఎనభై శాతమంటే 62 లక్షల 40 వేలు. కొనేవాళ్లు సొంతంగా 15 లక్షల 60 వేలు, రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం చొప్పున మరో ఐదు లక్షల 85 వేలు సమకూర్చుకుంటే చాలు. ఉద్యోగం చేసుకునే జంటకి ఇది అందని మొత్తమేమీ కాదు.

ఇప్పుడు మన ఫ్లాట్ 501 అనుకోండి. మునిసిపల్ ప్లాన్‌లో స్టిల్ట్ మీద నాలుగంతస్తులకే అనుమతి ఉంది. ఐదోది బిల్డర్ వేసుకున్నాడు. గాలీ వెలుతురూ ఆ ఇంట్లోనే బాగుండొచ్చు, కానీ ప్లాన్‌లో లేని అంతస్తుకి బ్యాంకులు సాధారణంగా అప్పివ్వవు. మొత్తం డబ్బు చేతిలో ఉన్నవాళ్లే కొనాలి. అలాంటివాళ్లు కొద్దిమంది, ఆ సంగతి వాళ్లకీ తెలుసు, అందుకే బేరం వాళ్ల చేతిలోకి పోతుంది. పదమూడు లక్షలు జారిపోయింది అక్కడే.

ఇదే దెబ్బ కొందరు తమకు తామే కొట్టుకుంటారు. అదే 78 లక్షల ఫ్లాట్‌కి "కాగితం మీద యాభై రాసుకుందాం, మిగతాది క్యాష్" అంటారు. అప్పుడు బ్యాంకు యాభై మీదే లెక్కేసి 40 లక్షలిస్తుంది. కొనేవాళ్లు 38 లక్షలు చేతి నుంచి పెట్టుకోవాలి. జీతం మీద బతికేవాళ్లు ఎక్కడ తెస్తారు? పైగా స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టరీత్యా నిషిద్ధం. దొరికితే తీసుకున్నంతా జరిమానాగా కట్టాల్సిరావచ్చు.

ఇక ఇల్లు చూపించడం. రంగులు వేయించండి, కాదనను. కాకపోతే చెమ్మ మీద మాత్రం వేయించకండి. కొత్త రంగు వాసన తగిలితే తెలిసిన కొనుగోలుదారు ముందు పైకప్పు మూలలు, బాత్రూం వెనక గోడ చూస్తాడు. ఒక్క మరక కనిపిస్తే చాలు, బాగున్న గదులనూ అనుమానిస్తాడు. లీకేజీ బాగుచేయించి, ఆ బిల్లు చేతిలో పెట్టండి. అదనపు మంచాలు, అటక మీది పాత సామాను ముందే పంపించేయండి. చూడటానికి పొద్దున వెలుతురున్నప్పుడు రమ్మనండి. గడప దగ్గర చెప్పుల గుట్ట తీసేయడానికి ఖర్చేమీ లేదు. నివాసయోగ్యత ధ్రువపత్రం, అంటే ఓసీ, వచ్చిన ఇంటిని తిరిగి అమ్మితే జీఎస్టీ ఉండదు, కడుతున్న ఫ్లాట్‌కి సాధారణంగా ఐదు శాతం ఉంటుంది. ఈ మాట చెప్పడం మరిచిపోకండి.

ధర విషయంలో ఒక పొరపాటు చూస్తుంటాను. తగ్గించవచ్చులే అని మరీ ఎక్కువ చెప్పి మొదలుపెడతారు. నాలుగు నెలల తర్వాత తగ్గించేసరికి "అదా, ఎప్పటి నుంచో ఉంది, ఏదో లిటిగేషన్ ఉంటుంది" అన్న మాట కాలనీ అంతా పాకిపోతుంది.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఇక్కడి ఫ్లాట్ అమ్మేవాళ్లకి ఇంకో చిక్కు. అమ్మేది ఇక్కడి నివాసి అయితే, ధర 50 లక్షలు, ఆపైన ఉన్నప్పుడు కొనేవారు ఒక శాతం టీడీఎస్ కోస్తారు. ఎన్‌ఆర్‌ఐ అయితే ఆ ఒక శాతం వర్తించదు, కోత చాలా ఎక్కువ. ఆ తతంగం తలకెత్తుకోలేక వెనక్కి తగ్గేవాళ్లుంటారు. తక్కువ కోతకి ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ ముందే తెచ్చుకుంటే పని తేలికవుతుంది.

పాత లోన్ తీర్చేసినవాళ్లకు చివరగా ఒక మాట. బాకీ మొత్తం తీరిన 30 రోజుల్లో బ్యాంకు అసలు దస్తావేజులు తిరిగివ్వాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి. కాగితాలు చేతికొచ్చాయి కదా అని అక్కడితో వదిలేయకండి. తనఖా రిజిస్టర్ అయి ఉంటే, దాని విడుదల కూడా రిజిస్టర్ అయ్యేదాకా ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, ఆ ఫ్లాట్ అప్పులోనే కనిపిస్తుంది. రంగులవాణ్ని పిలిచే ముందు మీ ఈసీ ఒకసారి తీయించి చూసుకోండి.