‘ఒద్దు... నేనే!’

చెప్పులు తనే వేసుకోవాలి. కుడిది ఎడమకాలికి, ఎడమది కుడికాలికి. అమ్మ సరిచేయబోతే ‘ఒద్దు’. అమ్మమ్మ పట్టీ పెట్టబోతే ఇంకా గట్టిగా ‘ఒద్దు’. బయట ఆటో హారన్ మోగుతోంది. పెళ్లి ముహూర్తం దగ్గర పడుతోంది. ఇరవై నెలల బుజ్జిది మాత్రం గుమ్మంలో చతికిలబడి, నాలుక బయటపెట్టి చెప్పు పట్టీతో కుస్తీ పడుతోంది. చివరికి నాన్న చంకనేసుకుని ఆటో ఎక్కించాడు. వీధి మలుపు తిరిగేదాకా ఒకటే ఏడుపు. ‘ఏం మొండితనమమ్మా, అచ్చం మేనత్తే’ అని అమ్మమ్మ తేల్చేసింది.

మేనత్త పోలిక సంగతి పక్కన పెడదాం. మొన్నటి దాకా ఎవరు చెప్పులు తొడిగినా కాళ్లు చాపిన పిల్లే ఇది. ఈ మధ్యలో తానంటూ ఒక మనిషి ఉందని కనిపెట్టింది. పేచీకి అసలు కారణం అదే.

ఆ సంగతి తేల్చే పరీక్ష ఒకటుంది. అమెరికా పరిశోధకురాలు బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ 1972లో ప్రచురించారు. పిల్లలకు తెలియకుండా ముక్కు మీద రంగు చుక్క పెట్టి, అద్దం ముందు కూర్చోబెట్టాలి. ఏడాది పిల్లలు అద్దంలో ఇంకో పాప ఉందనుకుని నవ్వుతారు, ఆడుకుంటారు. ఏడాదిన్నర దాటి రెండేళ్లు వచ్చేలోపు చాలామంది చెయ్యి నేరుగా తమ ముక్కు మీదికే వెళుతుంది. (రోజూ దిష్టిచుక్క పెట్టించుకునే మన పిల్లలు ఇంకో చుక్కని లెక్కచేస్తారో లేదో!) సిగ్గుపడటం, నలుగురూ చప్పట్లు కొడితే మురిసిపోవడం కూడా ఇంచుమించు ఈ రోజుల్లోనే మొదలవుతాయి.

తానొకరున్నారని తెలిశాక, ఎదుటివాళ్లు వేరే మనుషులనీ తెలియాలి కదా! బెట్టీ రెపాకోలి, అలిసన్ గోప్నిక్ 1997లో ప్రచురించిన ప్రయోగం దీనిమీదే. పిల్లల ముందు రెండు గిన్నెలు పెట్టారు. ఒకదాంట్లో కరకరలాడే బిస్కెట్లు, ఇంకోదాంట్లో పచ్చి బ్రకోలీ. పరిశోధకురాలు బిస్కెట్ తిని మొహం చిట్లించింది, బ్రకోలీ తిని లొట్టలేసింది. ‘నాకోటి పెట్టవూ’ అని చెయ్యి చాపింది. పద్నాలుగు నెలల పిల్లలు తమకిష్టమైన బిస్కెట్టే ఇచ్చారు. పద్దెనిమిది నెలల వాళ్లు, తమకు గిట్టకపోయినా బ్రకోలీ అందించారు. నాలుగు నెలల తేడాలో ఎంత దూరం నడిచారో చూడండి. తాతయ్య కళ్లజోడు కిందపడితే పరుగున వెళ్లి తెచ్చిచ్చేదీ, అన్నం దగ్గర ఇల్లు పీకి పందిరేసేదీ ఒకే పిల్ల అంటే ఆశ్చర్యమేముంది?

అన్నం మాటొచ్చింది కాబట్టి, దాని దగ్గర కాసేపు ఆగాలి. మన ఇళ్లలో అసలు యుద్ధం అక్కడే. మొదటి ఏడాదిలో బిడ్డ పుట్టినప్పటి బరువుకి దాదాపు మూడింతలవుతుంది. రెండో ఏడాదంతా కలిపి పెరిగేది సుమారు రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదించింది కాబట్టి ఆకలీ తగ్గుతుంది. ఇది తెలియక, గిన్నెడు పప్పన్నం పట్టుకుని వెంటపడతాం. నాలుగు ముద్దలకే మూతి బిగిస్తే ఫోన్‌లో పాటలు పెడతాం. బొమ్మల మాయలో నోరు తెరుస్తుంది, మనం గెలిచామనుకుంటాం. పొట్ట నిండిందని చెప్పే తెలివిని మనమే మొద్దుబారుస్తున్నాం. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అదే సంస్థ వీళ్లకు రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర, కనీసం మూడు గంటల ఆటపాట ఉండాలంది. ఏం పెట్టాలన్నది మన పని, ఎంత తినాలన్నది దాని పని అనుకుంటే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

మాటల విషయంలో మాత్రం ఇంత నిమ్మళంగా ఉండకూడదు. రెండేళ్లు నిండేసరికి ఇంచుమించు యాభై మాటలు, ‘అమ్మా రా’, ‘తాత టాటా’ లాంటి జంట మాటలు రావాలి. రాకపోతే ‘వాళ్ల నాన్నకీ ఆలస్యమే’ అని సర్దిచెప్పుకునే అలవాటు మనది. వస కోసం వెతికే ముందు వినికిడి పరీక్ష చేయించండి. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, కావలసింది వేలితో చూపించకపోయినా, పద్దెనిమిది నెలలకీ నడక రాకపోయినా పిల్లల డాక్టరుకి చూపించాల్సిందే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లల్ని పరీక్షించి, అవసరమైతే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. వచ్చిన మాటలు పోవడం మొదలైతే ఒక్కరోజు కూడా ఆగకండి.

మిగతాదంతా స్వభావం. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ దంపతులు 1956 నుంచి పిల్లల్ని పసితనం నుంచే ఏళ్ల తరబడి గమనించారు. దాదాపు నలభై శాతం మంది ఎక్కడైనా ఇట్టే కలిసిపోయేవాళ్లు. పది శాతం మంది ప్రతిదానికీ పేచీ పెట్టేవాళ్లు. పదిహేను శాతం మంది కొత్తచోట బెరుకుగా ఉండి, నిదానంగా కలిసేవాళ్లు. మిగిలినవాళ్లు ఏ గుంపులోనూ ఇమడలేదు. ఈ తేడాలు మన పెంపకం వల్ల మాత్రమే వచ్చినవి కావు, పుట్టుకతోనే చాలావరకు ఉంటాయని వాళ్ల వాదన. బిడ్డ తీరుకీ, ఇంటి తీరుకీ పొత్తు కుదిరిందా లేదా అన్నదే ముఖ్యమన్నారు.

ఆ నిదానం పిల్లలకే మన పెళ్లిళ్లలో కష్టాలన్నీ. మండపంలో అడుగుపెట్టగానే ఈ చేతి నుంచి ఆ చేతికి మారుస్తారు. ఏడిస్తే ‘ఏంటే, మేమంటే భయమా?’ అని బుగ్గ గిల్లుతారు. వాళ్లమ్మ మొహమాటపడి ‘కొంచెం సిగ్గరిది’ అని ముద్ర వేసేస్తుంది. ఒడిలో ఓ పావుగంట కూర్చోనిస్తే చాలు. నలుగురినీ ఓరకంట చూసుకుని, తనే దిగుతుంది. ముందు ఎవరి దగ్గరికి పోతుందంటారా? చేతులు చాపి పిలిచిన పిన్ని దగ్గరికి కాదు, దీన్ని పట్టించుకోకుండా పేపరు చదువుకుంటున్న పెదనాన్న దగ్గరికి.