పోర్చుగీసువారి ప్రాతఃకాల ఫలాహారం

పోర్చుగీసువారు ఉదయపు ఫలాహారాన్ని 'పెకేను అల్మోసు' అందురు. 'చిన్న మధ్యాహ్న భోజనం' అని దాని అర్థం. పేరుకు తగినట్లే అది మితమైనది: రొట్టె, వెన్న, కాఫీ. రొట్టెకు వారి మాట 'పావ్'. బొంబాయి పావ్‌కు ఆ పేరు అక్కడినుండి వచ్చినదే. చక్కెరను 'అసూకర్' అనుట అరబ్బీ 'అస్సుక్కర్' ప్రభావం. క్రీ.శ. 711లో ఆరంభమైన ముస్లిం పాలన ఆ వంటింట విడిచిన గుర్తులలో ఇది ఒకటి.

కాఫీలలో 'గలావ్' మనవారికి రుచించును. పొడవాటి గాజు గ్లాసులో నాలుగింట ఒక వంతు కాఫీ, మిగిలినదంతా పాలు. లిస్బన్‌లో 'బీకా' అడిగినచో చిన్న కప్పులో చిక్కని చేదు కాఫీ వచ్చును. వెన్న పూసిన మందపాటి కాల్చిన రొట్టె 'తొర్రాద'ను నిశ్చింతగా తినవచ్చును.

'తోష్ట మిష్ట' విషయంలో మాత్రం మన విద్యార్థులు జాగ్రత్త వహించవలెను. అందులో జున్నుతోబాటు 'ఫియంబ్ర', అనగా పందిమాంసం, ఉండును. 'సెం ఫియంబ్ర' అన్నచో అది లేకుండా ఇత్తురు. కొన్ని మిఠాయిలలో 'బాన్య' అనే పందికొవ్వు కూడ పడును, అడుగుటకు మొగమాటపడరాదు.

ఇక 'పాష్టెల్ ద నాతా': పొరలుపొరలుగా విరిగే చిన్న పిండి గిన్నెలో గ్రుడ్డు పచ్చసొన, పాలు, పంచదారల పాకం. పైన అక్కడక్కడ మాడిన మచ్చలుండుటే దాని అందం. దాల్చినచెక్క పొడి చల్లుకొని వేడిగా తినవలెను. మఠాలు 1834లో మూతపడిన పిమ్మట, 1837 నుండి లిస్బన్ నగరపు బెలేం ప్రాంతంలో ఒక దుకాణం వీటిని అమ్ముచున్నది. సుగంధద్రవ్యాలకై 1498లో కోళిక్కోడు చేరిన వాస్కోడగామా సమాధి దానికి సమీపముననే, జెరోనిమోస్ మఠంలో ఉన్నది.