వంచితే బిగిసే బ్లేడు

కొత్త బ్లేడు పొట్లం విప్పితే మైనం కాగితం, దాని లోపల ఓ ఉక్కు రేకు. పొడవు 43 మిల్లీమీటర్లు, వెడల్పు 22, మందం మిల్లీమీటరులో పదో వంతు. పదునులేని రెండు పొట్టి అంచులనూ వేళ్ళతో పట్టుకుని కాస్త నొక్కితే విల్లులా వంగుతుంది, వదిలితే టక్కున తిన్నగా అయిపోతుంది. ఇంత పలుచని రేకును వట్టి చేత్తో పట్టుకుని గడ్డం గీసుకోవడం ఎవరి తరమూ కాదు. వెంట్రుక తగలగానే అంచు వణికి పక్కకు తప్పుకుంటుంది. తప్పుకున్న అంచు తెగ్గోసేది చర్మాన్నే.

అదే రేకును రేజర్ తలలో పెట్టి పిడి తిప్పి చూడండి. పైమూత కిందికి దిగుతుంది, అడుగు పలక పైకి నొక్కుతుంది, రెండింటి నడుమ బ్లేడు అడ్డంగా చిన్న కమానులా వంగుతుంది. ఇక అంచు కదలదు. వడ్రంగి దగ్గరుండే ఉక్కు టేపులోనూ ఇదే కిటుకు. టేపు అడ్డంగా కాస్త గుంటగా ఉంటుంది కాబట్టే బయటికి లాగితే బారెడు దూరం వాలకుండా నిలబడుతుంది. ఆ గుంటను వేలితో నొక్కి చదును చేస్తే అక్కడే కూలబడుతుంది. షెడ్ల మీద వేసే అలల రేకులూ అంతే. పలుచని రేకును ఒక దిక్కున వంచితే రెండో దిక్కున వంగనని మొరాయిస్తుంది.

సేఫ్టీ రేజర్ ప్రాణమంతా నాకు ఈ వంపులోనే కనిపిస్తుంది. పేరులో ‘సేఫ్టీ’ ఉంది కదాని దాని గొప్పతనం భద్రతలోనే ఉందనుకుంటాం. కానీ భద్రత అంతకుముందే వచ్చేసింది. పద్దెనిమిదో శతాబ్దంలోనే జాన్ జాక్ పెరె అనే ఫ్రెంచి కత్తుల పనివాడు మంగలి కత్తికి చెక్క కవచం తొడిగాడు. తన గడ్డం తాను గీసుకోవడం ఎలాగో చెబుతూ 1769లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. 1847లో ఇంగ్లండులో విలియం హెన్సన్ కత్తిని పిడికి అడ్డంగా, పారకు పలక బిగించినట్టు బిగించి పేటెంటు తీసుకున్నాడు. ఆవిరితో ఎగిరే విమానానికి అయిదేళ్ళ ముందే పేటెంటు తీసుకున్న హెన్సన్ ఇతనే. విమానం ఎగరలేదు కానీ ఈ పార ఆకారం మాత్రం ఇవాళ్టికీ ప్రతి రేజర్‌లోనూ ఉంది. 1880లో న్యూయార్కులో కాంఫ్ సోదరులు అంచు ముందు దువ్వెన పళ్ళలాంటి అడ్డు పెట్టారు. ఇక లోతుగా తెగుతుందన్న భయం లేదు.

మరి ఇంకేం మిగిలింది? సాన మిగిలింది.

కాంఫ్ సోదరుల రేజర్‌లో ఉన్నది దళసరి మంగలి కత్తిలోంచి కోసిన ఒక ముక్క. వాడిన ప్రతిసారీ దాన్ని తోలు మీద తిప్పాలి, అప్పుడప్పుడూ సానరాయి ఎక్కించాలి. మన ఊళ్ళలో మంగలి పొదిలో కత్తి, కత్తెర, నీళ్ళ గిన్నె, పటికతో పాటు నున్నటి సానరాయీ తోలు పట్టీ ఎందుకుండేవో ఆలోచించండి. తోలు మీద కత్తిని వెన్ను ముందుకు, అంచు వెనక్కు ఉండేలా లాగాలి. చివరికి రాగానే అంచు తోలుకు తగలకుండా వెన్ను మీదే పొర్లించి తిరుగు దారి పట్టించాలి. ఒక్కసారి అంచు ముందుకు పడిందా, తోలూ పోతుంది, పదునూ పోతుంది. ఆ మణికట్టు నేర్పు ఏళ్ళ తరబడి చేస్తే గానీ పట్టుబడదు. ఇంట్లో అద్దం ముందు నిలబడ్డ మామూలు మనిషికి అడ్డుగా ఉన్నది ఆ నేర్పే.

దాన్ని తీసి అవతల పెట్టినవాడు కింగ్ క్యాంప్ జిలెట్. ఈయన ఇంజనీరు కాదు, ఊరూరా తిరిగి సరుకు అమ్మే సేల్స్‌మన్. 1855లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పుట్టాడు. 1871 నాటి షికాగో మహా అగ్నిప్రమాదంలో కుటుంబం ఆస్తి కాలిపోవడంతో చిన్నతనంలోనే పనిలో పడ్డాడు. సీసాలకు వేసే రేకు మూతను కనిపెట్టిన విలియం పెయింటర్ కంపెనీలో పనిచేస్తుండగా ఆయనే ఓ సలహా ఇచ్చాడు: జనం ఒకసారి వాడి పారేసి, మళ్ళీ వచ్చి కొనుక్కునే వస్తువేదైనా ఆలోచించమని. జిలెట్ మనసులో అది నాటుకుపోయింది. 1895లో ఒకరోజు పొద్దున గడ్డం గీసుకుంటుంటే కత్తి మొద్దుబారి ఉంది. తోలుకు లొంగే మొద్దు కాదు, సాన పట్టేవాడి దగ్గరికి పంపాల్సిందే. ఆ కత్తి చేతిలో ఉండగానే ఆయనకు తోచింది: కోసేది అంచు ఒక్కటే అయినప్పుడు వెనకాల ఇంత ఇనుము ఎందుకు?

ప్రశ్న గొప్పదే, జవాబు మాత్రం ఆయన చేతిలో లేదు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కత్తుల ఉక్కు తెలిసినవాళ్ళను అడిగితే ఆ ఆలోచన వదిలెయ్యమన్నారు. వాళ్ళు చెప్పిందీ అర్థంలేని మాట కాదు. ఉక్కుకు పదును నిలవాలంటే ఎర్రగా కాల్చి చటుక్కున చల్లార్చాలి. మందపు కత్తి దాన్ని తట్టుకుంటుంది. కాగితంలాంటి రేకు మాత్రం కాల్చిన అప్పడంలా వంకరలు తిరుగుతుంది. వంకర పోయిన రేకుకు తిన్నని అంచు ఎలా తీస్తారు?

ఆరేళ్ళు అలాగే గడిచాయి. 1901లో విలియం ఎమరీ నికర్సన్ వచ్చి చేరాడు. వదిలెయ్యమన్న ఆ సంస్థలోనే చదువుకున్నవాడు. పలుచని రేకును వంకర పోకుండా గట్టిపరిచే పద్ధతినీ, వాటిని గుట్టలు గుట్టలుగా సాన పట్టే యంత్రాలనూ ఆయనే రూపొందించాడు. ఇంతవరకూ ఒక మనిషి మణికట్టులో ఉన్న నేర్పు యంత్రంలోకి వెళ్ళింది. బ్లేడు పొట్లాల మీద దశాబ్దాల పాటు అచ్చయిన మీసాల ముఖం జిలెట్‌ది. పక్కన నికర్సన్ ముఖం కూడా ఉండాల్సిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

1903లో అమ్మకాలు మొదలయ్యాయి. ఆ ఏడాది అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడులు. మరుసటి ఏడు 90 వేలకు పైగా రేజర్లు పోయాయి. 1904 నవంబర్ 15న పేటెంటు చేతికొచ్చింది. రేజర్ ఊరికే ఇచ్చి బ్లేడుల మీద లాభం తీయడమనే వ్యాపార సూత్రం జిలెట్‌దేనని మేనేజ్‌మెంట్ పాఠాల్లో చెబుతుంటారు. అసలు సంగతి వేరు. ఆ రేజర్ ధర 5 డాలర్లు, ఆనాటి కార్మికుడి వారం కూలిలో దాదాపు సగం. 1921లో పేటెంటు గడువు తీరి పోటీదారులు వచ్చాకే అది చవకైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం 35 లక్షల రేజర్లు కొన్నది. విషవాయువుల ముసుగు ముఖానికి సందు లేకుండా అతుక్కోవాలంటే గడ్డం ఉండకూడదు. యుద్ధం ముగిశాక ఆ కుర్రాళ్ళు రేజర్‌తో పాటు రోజూ గీసుకునే అలవాటునూ ఇంటికి తీసుకెళ్ళారు.

బ్లేడు నడుమ ఉండే ఆ చిత్రమైన కన్నం ఎందుకలా ఉందో ఎప్పుడైనా ఆలోచించారా? మొదట్లో అక్కడ మూడు గుండ్రటి చిల్లులు ఉండేవి. పేటెంటు పోయాక ఎవరి రేజర్‌కు ఎవరి బ్లేడు పట్టాలన్న గొడవ మొదలైంది. హెన్రీ గైస్‌మన్ అనే పోటీదారుడితో కోర్టు దాకా వెళ్ళిన తగాదా 1930లో రెండు కంపెనీలూ కలిసిపోవడంతో ముగిసింది. ఆ పోటీలో అన్ని రకాల రేజర్ల మొలలూ దూరేలా కన్నం సాగి, మెలికలు తిరిగి, ఇవాళ్టి రూపానికి వచ్చి ఆగింది. మూలల్లో కత్తిరింపులూ ఆ రోజులవే. ఇప్పుడు ఏ దేశంలో చేసిన బ్లేడైనా ఏ దేశపు రేజర్‌లోనైనా కూర్చుంటుంది. జిలెట్ మాత్రం ఆస్తి చాలావరకు కరిగిపోయాక 1932లో చనిపోయాడు. నయాగరా జలపాతం కరెంటుతో నడిచే ఒకే మహానగరంలో అమెరికా జనమంతా పోటీ లేకుండా బతకాలని 1894లో పుస్తకం రాసిన మనిషి ఆయన.

ఆ తర్వాత మారింది ఉక్కు. పాత కార్బన్ ఉక్కు బ్లేడు తడి తగిలితే తుప్పు పట్టేది. 1960ల మొదట్లో కత్తుల తయారీకి పేరుపడ్డ విల్కిన్సన్ స్వోర్డ్ స్టెయిన్‌లెస్ స్టీల్ బ్లేడు తెచ్చేసరికి మిగతావాళ్ళూ అదే బాట పట్టక తప్పలేదు. ఇవాళ్టి బ్లేడులో సుమారు 13 శాతం క్రోమియం ఉంటుంది. అంచు మీద పలుచటి పొరగా ఉండేది, అంటుకోని పెనాలకు పూసే టెఫ్లాన్ జాతి పదార్థమే. వెంట్రుకలోంచి అంచు జారిపోవడానికి అది.

ఇంత పనితనం ఉన్న అంచు అయినా ఎండు గడ్డం మీద ఓడిపోతుంది. గడ్డపు వెంట్రుక మందం దాదాపు బ్లేడు మందమంత. అది కెరాటిన్ అనే ప్రోటీన్ పోగుల కట్ట. ఆ పోగుల్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలను నీరు వదులు చేస్తుంది. వెంట్రుక నీరు పీల్చి ఉబ్బి, మెత్తబడి, సగం బలానికే తెగుతుంది. అయితే నీళ్ళు చల్లగానే అది జరగదు, రెండు మూడు నిమిషాలు పడుతుంది. పైగా వెంట్రుకకు చర్మపు నూనె పట్టి ఉంటుంది. సబ్బు ఆ నూనెను విడదీస్తుంది. నురగ నీటిని జారిపోనివ్వకుండా గడ్డానికి అంటిపెట్టి ఉంచుతుంది. షేవింగ్ క్రీములో ప్రధానంగా ఉండేది స్టియరిక్ ఆమ్లంతో చేసిన పొటాషియం సబ్బు. సోడియం సబ్బు బిళ్ళలా గట్టిపడితే, ఇది వెన్నలా మెత్తగా ఉండి తొందరగా ఆరని చిక్కటి నురగనిస్తుంది.

మా నాన్న ఉదయం రేడియోలో వార్తలు మొదలవగానే బ్రష్షు వేడినీళ్ళలో ముంచేవారు. ముఖ్యాంశాలు అయ్యేదాకా బ్రష్షును చెంప మీద సుడులు తిప్పుతూనే ఉండేవారు. రేజర్ తీసేది ఆ తర్వాతే. నేను అది తాపీతనం అనుకునేవాణ్ణి. ఇంటర్‌లో ఉండగా ఒకసారి తొందరపడి నురగ పూసీ పూయకముందే గీసేసుకుంటే దవడ కింద మూడు చోట్ల గాట్లు పడ్డాయి. ఆయన తిట్టలేదు, పటిక తడిపి చేతికిచ్చి, “రేజర్ కంటే ముందు నీళ్ళు కొయ్యాలిరా” అన్నారు. పటిక అంటే పొటాషియం, అల్యూమినియంల సల్ఫేటు. నెత్తుట్లోని ప్రోటీన్లను గడ్డకట్టించి చిన్న గాటును మూసేస్తుంది. ఆ మంట నాకింకా గుర్తు.

బ్రష్షు కథలో ఒక విషాదం కూడా ఉంది. మంచి బ్రష్షులకు బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలు వాడేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ సరఫరా తెగిపోవడంతో ఆసియా నుంచి వచ్చిన గుర్రపు వెంట్రుకలతో చవక బ్రష్షులు చేశారు. కొన్నిటిని సరిగా శుద్ధి చేయలేదు. వాటిలో ఆంత్రాక్స్ బీజాలు ఉన్నాయి. గాట్లు పడ్డ చర్మం మీద వాటిని రుద్దుకున్న సైనికులకూ పౌరులకూ ముఖం మీద, మెడ మీద నల్లటి పుండ్లు లేచాయి, కొందరు చనిపోయారు. జపాన్ నుంచి ఆ బ్రష్షులు రాకుండా 1920లో బ్రిటన్ నిషేధం పెట్టింది.

ఇన్నాళ్ళకు, 2020లో, బ్లేడు మళ్ళీ మసాచుసెట్స్ సంస్థ గడప తొక్కింది. వెంట్రుక ఉక్కు కంటే సుమారు 50 రెట్లు మెత్తన. మరి వెంట్రుకలను కోస్తూ ఉక్కు ఎందుకు మొద్దుబారుతుంది? అరిగిపోయి అనుకునేవాళ్ళం. అక్కడి పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద బ్లేడుతో వెంట్రుకలు కోసి చూస్తే, అంచు అరగడం లేదు, పెచ్చులు ఊడుతోంది. ఉక్కు లోపల అంతటా ఒకే గట్టిదనం ఉండదు. వెంట్రుక నిటారుగా కాక వాలుగా వంగి, అంచులో బలహీనమైన చోట తగిలితే, బలమంతా ఆ ఒక్క బిందువు మీద పడి చిన్న తునక లేచిపోతుంది. అలాంటి తునకలు పోగైతే మనం బ్లేడు పోయిందంటాం.

పోయిన బ్లేడును ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ చక్కగా తేల్చలేదు. అమెరికాలో పాత ఇళ్ళ బాత్‌రూం అద్దాల వెనక ఒక చీలిక ఉండేది. వాడిన బ్లేడును అందులో వేస్తే గోడ లోపలికి పడిపోయేది. ఆ గోడలు పగలగొట్టినప్పుడు ఇప్పటికీ తుప్పు బ్లేడులు కుప్పగా రాలుతుంటాయి. మన దగ్గర బ్లేడు అంత తేలిగ్గా చావలేదు. దర్జీ దానితో కుట్లు విప్పాడు, పిల్లలు పెన్సిళ్ళు చెక్కారు. ఇంటర్ బైపీసీ చదివిన ప్రతివాళ్ళూ వృక్షశాస్త్రం ప్రాక్టికల్స్‌లో సగం బ్లేడుతో లేత కాండాన్ని అడ్డంగా కోసి, కోసి, మైక్రోస్కోపులో వెలుతురు పారేంత పలుచటి ముక్క కోసం అరగంట తంటాలు పడ్డవాళ్ళే.

ఆ సగం బ్లేడునే మన సెలూన్లలో రోజూ చూస్తాం. 1990లలో ఎయిడ్స్ భయం పాకాక ఒకరికి వాడిన కత్తి ఇంకొకరికి వాడొద్దన్న మాట బలపడింది. సానరాయి మూలపడింది. మొన్న ఆదివారం నేను కూర్చున్న కుర్చీ వెనక కుర్రవాడు కొత్త బ్లేడును కాగితంతో సహా నిలువునా మడిచాడు. టప్‌మని విరిగింది. ఒక సగాన్ని మంగలి కత్తి ఆకారంలో ఉన్న పిడిలోకి దూర్చి బిగించాడు. ఇక్కడ బ్లేడుకు వంపు లేదు, మూత లేదు, ముందు అడ్డు లేదు. అంచుకు ఎంత దగ్గరగా పిడి పట్టుకుంటే అంతే దాని బిగి. మిగతాదంతా అతని చేయి. ఎడమ చేతి బొటనవేలితో నా చెంప చర్మాన్ని చెవి వైపు బిగలాగి, చిటికెన వేలు పైకెత్తి, అంచును సుమారు 30 డిగ్రీల వాలులో ఆనించి, కణత దగ్గర నుంచి దవడ ఎముక దాకా ఒక్క గీతలో దింపాడు. పదును ఎక్కడో ఫ్యాక్టరీలో యంత్రం తీసింది. ఆ వాలు ఎంతుండాలో మాత్రం అతనికి వాళ్ళ నాన్న నేర్పాడట, గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దాయన్ని చూపిస్తూ చెప్పాడు. పెద్దాయన లేచి వచ్చి, నా మెడ మీద మిగిలిన నురగను తుండుతో తుడిచి, పటిక రాయి తడిపి రుద్దాడు.