జీఆర్‌ఈ వెర్బల్

జీఆర్‌ఈ వెర్బల్ అనునది అమెరికా తదితర దేశాలలో ఉన్నత విద్య కోరువారి ఆంగ్ల పదజ్ఞానమును, పఠనావగాహనను పరీక్షించు విభాగము. ఈ పరీక్షను ఈటీఎస్ అను సంస్థ నిర్వహించుచున్నది.

మార్పులు

వ్యతిరేకపదాలు, పదసాదృశ్యాల ప్రశ్నలు ఉన్న కాలంలో పదాల జాబితాలను కంఠస్థం చేయుట ఆనవాయితీగా ఉండేది. 2011 ఆగస్టులో ఆ ప్రశ్నలను తొలగించారు. ఇప్పుడు ఖాళీలు పూరించుట, వాక్యానికి ఒకే అర్థమునిచ్చు రెండు పదాలను గుర్తించుట, గద్యభాగ పఠనం కలవు. 2023 సెప్టెంబరు నుండి 41 నిమిషాలలో 27 ప్రశ్నలకు జవాబులీయవలెను.

సన్నద్ధత

చీపురుపల్లిలో "లోను శాంక్షన్ అయింది" అన్నచో మంజూరైనదని అర్థం. ఆంగ్లంలో అదే పదానికి ఆంక్ష, దండన అను అర్థాలు కూడా కలవు. ఏ అర్థమన్నది సందర్భమే నిర్ణయించును. ఒకే అర్థం బట్టీపట్టినవారు ఇక్కడే పొరబడుదురు. కావున రోజూ ఒక ఆంగ్ల సంపాదకీయం చదివి, తెలియని పదానికి అర్థం ముందుగా ఊహించి, పిదప నిఘంటువు చూచి, ఆ వాక్యముతో సహా వ్రాసుకొనుట మేలు.